నెమో కెప్టెన్‌కు బూదికోట ఏమవుతుంది?

రాండి, ఇట్లా మంట పక్కకు జరగండి. ధనుర్మాసంలో నంగలి చలి సంగతి మీకు తెలియంది కాదు. అనపకాయలు ఒలుస్తూ మాట్లాడుకుందాం. ఈ పూట ఒక ఇంగ్లీషు సినిమా కబురు. పాతదే, 2003లో వచ్చింది. ‘ది లీగ్ ఆఫ్ ఎక్స్‌ట్రార్డినరీ జెంటిల్‌మెన్’ అని పెద్ద పేరు. మనం ‘ఘనుల జట్టు’ అని పిలుచుకుందాం.

కథాకాలం 1899. ముసుగు దొంగ ఒకడు యూరపు దేశాల మధ్య యుద్ధం రాజేయాలని చూస్తుంటాడు. వాణ్ణి ఆపడానికి లండన్‌లో ఒక దొర, విక్టోరియా రాణి కాలపు నవలల్లో ఉన్నవాళ్ళందరికీ కబురంపుతాడు. హగ్గర్డ్ రాసిన వేటగాడు క్వాటర్‌మెయిన్ వస్తాడు. ఆ వేషం షాన్ కానరీది, అప్పటికే డెబ్భై దాటినవాడు. డ్రాక్యులా కథలోంచి మినా హార్కర్, స్టీవెన్సన్ రాసిన జెకిల్ డాక్టరు, ఆస్కార్ వైల్డ్ సృష్టించిన వయసు తెలియని డోరియన్ గ్రే దిగుతారు. కనబడని మనిషి కూడా ఉన్నాడు గానీ, వెల్స్ నవల హక్కులు దొరక్కపోవడంతో, ఆ మందు కాజేసిన వేరే దొంగ అని చెప్పి సర్దేశారు. అమెరికా ప్రేక్షకులు చిన్నబుచ్చుకుంటారని టామ్ సాయర్‌ను కూడా కలిపారు. అసలు నవల ప్రకారం 1899 నాటికి అతగాడు అరవై దాటిన ముసలాయన కావాలి. సినిమాలో కుర్రాడిలా తుపాకీ పేలుస్తుంటాడు. పోనీండి.

వీళ్ళందరూ ఎక్కే ఓడ నాటిలస్. దాని యజమాని నెమో కెప్టెన్‌గా మన నసీరుద్దీన్ షా. తలపాగా, గడ్డం, కత్తి, కాళీపూజ. సినిమాలో కంటికి ఆనే మనిషి ఆయనే.

ఇంతమందిని చేర్చి ఏం చేయించారు అంటారా? కొట్టుకోమన్నారు. అంత పొడవు ఓడను వెనిస్ కాలువల్లోకి తోలారు, పడవలే ఒరుసుకుంటూ పోయే చోటికి! మధ్యలో ప్రాగ్ నగరానికి 2002లో వరదలొచ్చి సెట్లు పాడయ్యాయి, దర్శకుడు నారింగ్టన్‌కూ కానరీకీ పొసగలేదు. కానరీ తెరమీద వేషం కట్టిన సినిమాల్లో ఇదే ఆఖరిది. కానీ నా ఫిర్యాదు వరదల మీదా కాదు, తగువుల మీదా కాదు. పెళ్ళికి పిలిచి, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పకుండానే అందరినీ బంతిలో కూర్చోబెట్టినట్టుంది ఆ సినిమా. వాళ్ళను కలిపింది ఒక సర్కారు కబురు. ఆ కబురంపిన దొరేమో చివరికి తనే ముసుగు దొంగ, షెర్లాక్ హోమ్స్ శత్రువు మోరియార్టీ అని తేలుతుంది. వాళ్ళ శక్తులు కాజేయడానికే అందర్నీ పోగుచేశాడట. అంటే ఆ ఒక్క దారమూ బూటకమే.

మనవాళ్ళు అట్లా కలపరు. వరస పెట్టి కలుపుతారు. మా తాలూకానే చూడండి. ఆవని కొండ దగ్గర వాల్మీకి ఆశ్రమం ఉండేదనీ, లవకుశులు అక్కడే పుట్టారనీ చెప్పుకుంటాం. పక్కనే ముళబాగలులో ఆంజనేయస్వామి గుడి. కురుక్షేత్రం అయిపోయాక అర్జునుడే ప్రతిష్ఠించాడంటారు. రామాయణంలో లంక కాల్చిన కోతిని భారతంలో అర్జునుడి జెండా మీద కూర్చోబెట్టినవాళ్ళకు, కథలు కలపడం ఎవరు నేర్పాలి? పైగా ఆ హనుమంతుడు భీముడికి అన్న. ఇద్దరూ వాయుపుత్రులే. తోక ఎత్తలేక భీముడు చెమటలు కక్కే ఘట్టం మనకు అంత ఇష్టం ఎందుకంటే, అక్కడ తగవులాడుకునేది అన్నదమ్ములు కాబట్టి.

చిలకమర్తి వారి ‘గయోపాఖ్యానం’ నాటకం తీసుకోండి. ఆకాశంలో పోతున్న గయుడి ఉమ్ము వచ్చి కృష్ణుడి దోసిట్లో పడింది. చంపుతానని కృష్ణుడి ప్రతిజ్ఞ. ఎవరి మీద ఈ ప్రతిజ్ఞ అని అడక్కుండానే గయుడికి అభయమిచ్చేశాడు అర్జునుడు. ఇక బావా బావమరుదులు ఎదురెదురు. మధ్యలో సుభద్ర ఎవరి వైపు నిలబడాలి? ఆ ఒక్క ప్రశ్న మీదే నాటకమంతా నిలబడింది. 1963లో కె.వి. రెడ్డి ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ తీసి రామారావునూ నాగేశ్వరరావునూ ఎదురెదురుగా నిలబెడితే జనం విరగబడ్డారంటే, అది బాణాల కోసం కాదు. అంతకు ముందు 1957లో ఆయనే తీసిన ‘మాయాబజార్’లో శశిరేఖ అసలు వ్యాసభారతంలోనే లేదు. అయినా మేనరికం అనే ఒక్క ముడితో యాదవుల్నీ పాండవుల్నీ ఘటోత్కచుణ్ణీ ఒకే పందిట్లోకి తెచ్చేశారు.

మొన్నటి ‘ఆర్ఆర్ఆర్’ కూడా అంతే. అల్లూరి సీతారామరాజు, కొమరం భీం కలుసుకున్నట్టు చరిత్రలో ఎక్కడా లేదు. 2022లో రాజమౌళి వాళ్ళను ఢిల్లీలో ఒక వంతెన కింద కలిపాడు. కలిపి ఊరుకోలేదు, ఒకడి చేత ఇంకొకణ్ణి ‘అన్నా’ అనిపించాడు. తర్వాత ఆ అన్నే పోలీసు అని భీంకు తెలిసినప్పుడు కదా మన గుండె జారింది! పులులూ మంటలూ దాని తర్వాతి సంగతి.

ఇప్పుడు నెమో దగ్గరికి వద్దాం. జూల్స్ వెర్న్ ఫ్రెంచివాడే అయినా మన దారిలోనే నడిచాడండి. నెమో కనిపించే మొదటి నవలలో అతనెవరో చెప్పలేదు. 1875లో పూర్తయిన ‘మిస్టీరియస్ ఐలాండ్’లో గుట్టు విప్పాడు. అతను బుందేల్‌ఖండ్ రాజుగారి అబ్బాయి, పేరు దక్కర్, 1857 తిరుగుబాటులో ఇంగ్లీషువాళ్ళతో పోరాడినవాడు. అక్కడితో ఆగకుండా ఇంకో మాట కూడా అన్నాడు: టిప్పు సుల్తాన్‌కు మేనల్లుడో, అన్నదమ్ముల బిడ్డో అవుతాడని. బుందేల్‌ఖండ్ ఎక్కడ, శ్రీరంగపట్నం ఎక్కడ! టిప్పు పోయింది 1799లో. వయసులు కుదిరించాలంటే చెమటలు పడతాయి. అయినా వెర్న్ వరస కలిపేశాడు.

ఆ వరస పట్టుకుని నేనింకో అడుగు వేస్తాను, ఆపకండి. టిప్పు తండ్రి హైదర్ అలీ పుట్టింది మా జిల్లా బూదికోటలో. హైదర్ తండ్రి ఫతే మహమ్మద్ సమాధి కోలారు ఊళ్ళోనే ఉంది. ఆ లెక్కన నెమోకు హైదర్ తాత వరస. సముద్రం అడుగున తిరిగే ఆ కెప్టెన్‌కు బూదికోట తాతగారి ఊరన్నమాట! 1791లో టిప్పు మీదికి ఇంగ్లీషు దొర కారన్‌వాలిస్ మొగిలి కనుమ ఎక్కి వచ్చి ముళబాగలు, కోలారుల మీదుగానే బెంగళూరుకు పోయాడు. ఈ రోడ్డంటే నెమోకు మంట ఉండటంలో తప్పేముంది?

మరి క్వాటర్‌మెయిన్? ఆయనకూ మన వైపు పని ఉంది. సొలొమన్ రాజు గనుల వేటగాడు కదా ఆయన. ఆ నవల అచ్చయింది 1885లో. అంతకు ముందే మైకేల్ లావెల్ అనే ఐరిష్ సిపాయి, న్యూజిలాండ్‌లో మావోరీలతో యుద్ధం చేసి వచ్చి బెంగళూరులో కుదురుకున్నాక, 1871లో ఎడ్లబండి కట్టించుకుని కోలారుకు బంగారం వెతుక్కుంటూ వచ్చాడు. వారెన్ అనే సర్వే దొర రాసిన పాత కాగితం ఒకటే అతనికి ఆధారం. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగింది. హగ్గర్డ్ ఆఫ్రికా కొండలకు పోకుండా బౌరింగ్‌పేటలో రైలు దిగి ఉంటే నవలకు సరుకు తక్కువయ్యేది కాదు.

కాబట్టి నా సినిమా ఇట్లా ఉంటుంది. 1899, మారికుప్పం రైలులో క్వాటర్‌మెయిన్ దిగుతాడు, కంపెనీ తరఫున. గనులకు శివనసముద్రం కరెంటు రావడానికి ఇంకా మూడేళ్ళుంది. కరెంటుతోనే ఓడ నడిపే నెమో, తాతగారి ఊరు చూడ్డానికొచ్చి, ఈ బంగారమంతా ఎవరి సొమ్మని అడుగుతాడు. ఇద్దరూ ముసలివాళ్ళే, ఇద్దరూ కన్నబిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళే. ఆ ఒక్క దుఃఖం చాలు వియ్యానికి. తగవు బంగారం దగ్గర మొదలవుతుంది. జెకిల్ డాక్టరును గని ఆసుపత్రిలో పెడతాను, రాత్రి షిఫ్టు హైడ్‌ది. మినా హార్కర్‌ను మాత్రం ఎవరికి చెల్లెల్ని చేయాలో నాకింకా తెగడం లేదు.