కొండ వాలులో మెదడు బడి

కెనడాలోని మాంట్రియల్ వెళ్లిన మనవాళ్లు పాత రేవు చూసి, మౌంట్ రాయల్ కొండెక్కి, నాలుగు ఫొటోలు దిగి తిరిగొచ్చేస్తారు. ఆ కొండ పాదం దగ్గరే, మెక్‌గిల్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని పైకి సాగే యూనివర్సిటీ వీధిలో ఓ రాతి భవనం ఉంది. మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్. ఊళ్లోవాళ్లకు మాత్రం ఉత్త ‘న్యూరో’. మెక్‌గిల్ మెట్రో స్టేషన్లో దిగి నడిచే వెళ్లొచ్చు కానీ దారంతా ఎక్కుడే. చలికాలమైతే కాళ్లకింద మంచు జారుతుంది, జాగ్రత్త!

1934లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు దీన్ని స్థాపించారు. లోపల అడుగుపెడితే ఎదురుగా పాలరాతి స్త్రీమూర్తి. విజ్ఞానం ముందు మేలిముసుగు తొలగిస్తున్న ప్రకృతి అట! బొమ్మ బాగుంది కానీ ఇక్కడ ముసుగు అంత సులువుగా ఏమీ తొలగలేదు.

1950 జూన్‌లో 31 ఏళ్ల విద్యార్థిని ఒకామె ఇక్కడికి వచ్చారు. పేరు బ్రెండా మిల్నర్. పుట్టింది ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో. కేంబ్రిడ్జిలో గణితం చదవబోయి మనస్తత్వశాస్త్రానికి మారారు. రెండో ప్రపంచయుద్ధంలో విమానాలు నడిపేవారికి ఎంపిక పరీక్షలు తయారుచేశారు. 1944లో భర్తతో కెనడా వచ్చి మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో ఫ్రెంచిలో పాఠాలు చెప్పారు. చేతిలో ఉద్యోగం ఉండగానే మెక్‌గిల్‌లో డొనాల్డ్ హెబ్ దగ్గర పీహెచ్‌డీలో చేరారు. ఆయనే ఆమెను న్యూరోకు పంపారు. శస్త్రవైద్యుల రాజ్యంలో మనస్తత్వ విద్యార్థికి చోటెక్కడిది? 1952లో డాక్టరేట్ వచ్చాక కూడా ఆమె పాఠాలు చెప్పే కొలువు వదులుకుని ఇక్కడే ఉండిపోయారు.

పెన్‌ఫీల్డ్ మూర్ఛరోగుల్ని మెలకువగా ఉంచే మెదడుకు ఆపరేషన్ చేసేవారు. కోతకు ముందూ తర్వాతా రోగికి ఏం గుర్తుంది, ఏం పోయింది అని తేల్చడం మిల్నర్ పని. కాగితం, పెన్సిలు, కొన్ని బొమ్మలు... అంతే సరంజామా. మెదడులో ఏ భాగం దెబ్బతింటే ఏ పని కుంటుపడుతుందో తేల్చే ఈ విద్యకే క్లినికల్ న్యూరోసైకాలజీ అని పేరు. ఇప్పుడైతే ఈ రాష్ట్రం క్యుబెక్‌లో సైకాలజిస్టు కావాలన్నా డాక్టరేట్, ఇంటర్న్‌షిప్ తప్పనిసరి.

1955లో ఆమె అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌కు వెళ్లారు. అక్కడ హెన్రీ మొలైసన్ అనే యువకుడికి అంతకు రెండేళ్ల ముందు మూర్ఛ తగ్గించాలని మెదడులో రెండువైపులా కొంతభాగం తీసేశారు. మూర్ఛ తగ్గింది. కొత్త విషయం మాత్రం బుర్రలో నిలవడం మానేసింది. ఆయన పేరు బయటపడకుండా ‘హెచ్.ఎం.’ అనే రాసేవారు. అసలు పేరు లోకానికి తెలిసింది 2008లో ఆయన పోయాకే.

ఒకసారి 584 గుర్తుంచుకోమన్నారు. పావుగంట తర్వాత అడిగితే ఠక్కున చెప్పాడు! ఎలాగంటే... 5, 8, 4 కలిపితే 17, అందులో 8 తీసేస్తే 9, ఆ తొమ్మిదిని విడదీస్తే 5, 4... ఇలా పావుగంటసేపూ మనసులో తిప్పుకుంటూనే ఉన్నాడు. మాట మళ్లించారు. నిమిషం తిరిగేసరికి అంకె పోయింది, అసలు అంకె అడిగారన్న సంగతీ పోయింది. కలం దొరికేదాకా ఫోన్ నంబరు వల్లెవేసుకునే మనకు ఇది కొత్తా? ‘ధ్యాస లేదు’, ‘గుర్తు లేదు’ అని ఇళ్లలో రెండింటినీ ఒకే గాటన కట్టేస్తాం. అవి వేరువేరని ఆయన బతుకే చూపించింది.

ధ్యాస మళ్లించుకోవడం కూడా వేరే విద్యే. 1963లో మిల్నర్ పేకముక్కల్లాంటి కార్డులతో చేసిన పరీక్ష ఫలితాలు ప్రచురించారు. రంగు చూసి పేర్చే ఆటను చెప్పాపెట్టకుండా ఆకారం చూసి పేర్చేదిగా మార్చేస్తే, నుదుటి వెనక భాగం తీసేసిన రోగులు తప్పు అని చెబుతున్నా పాత పద్ధతినే పట్టుకు వేలాడారు.

హెచ్.ఎం.కు పెట్టిన ఇంకో పరీక్ష అద్దంలో చూస్తూ నక్షత్రం గీతలమధ్య పెన్సిలు నడపడం. మూడురోజుల్లో చెయ్యి చక్కగా తిరిగింది. చివరిరోజు ఆయనే ఆశ్చర్యపోయాడు, కష్టమనుకున్నా గానీ బాగానే వచ్చిందే అని. అంతకుముందు గీసినట్టు ఆయనకు గుర్తే లేదు.