వడపోత
జంషెడ్‌పూర్ కద్మాలో స్థిరపడిన తెలుగు విశ్రాంత ఉక్కు కార్మికుడొకరు తమ పాత షార్ట్‌వేవ్ రేడియోకు కొత్త ఫిల్టర్ ఎంచుకోవలసి వచ్చింది. అది 455 కిలోహెర్ట్జ్‌ది కావాలన్నది తేలినదే. చిక్కంతా వెడల్పు దగ్గరే. షార్ట్‌వేవ్‌లో స్టేషన్ల నడుమ ఎడం 5 కిలోహెర్ట్జ్‌లే. 4 వెడల్పున్న ఫిల్టర్ పక్క స్టేషన్ చొరబాటును ఆపుతుంది, గొంతునూ మూగబరుస్తుంది. 6 వెడల్పుది గొంతును విప్పుతుంది, రొదనూ రానిస్తుంది.

1975 ఎమర్జెన్సీలో ఆకాశవాణి ప్రభుత్వ వాణిగా మారినప్పుడు ఆయన ఈ పెట్టెలోనే బీబీసీ హిందీ వార్తలు విన్నారు. ఆ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2020 జనవరి 31న ఆగిపోయాయి. ప్రైవేటు ఎఫ్‌ఎంలకు నేటికీ సొంత వార్తలు చెప్పే స్వేచ్ఛ లేదు.

ఆయన 6నే ఎంచుకున్నారు. రొదను చెవి వడగట్టుకోగలదు. ముందే కత్తిరించిన గొంతును ఏ చెవీ తిరిగి తెచ్చుకోలేదు.