లాంగ్ నోట్‌బుక్కులో లండన్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వండన్నా అని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు మెస్ గురించో, స్టడీ అవర్ గురించో, పొద్దున్నే నల్లా దగ్గర బకెట్ల లైను గురించో రాద్దామనుకున్నాం. కానీ అవి ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, మాకంటే బాగానే రాస్తున్నారు. అందుకని మేము ఒక వీడియో గేమ్ గురించి రాస్తున్నాం. దాని పేరు ‘ది గెట్‌అవే’. ఊరు లండన్, కథ దొంగల కథ. మా అప్పటి వార్డెన్ సార్ ఈ పేజీ చదివితే పెద్ద మనసుతో క్షమించాలి. కటింగ్ డబ్బులు ఏమయ్యాయిరా, జుట్లు ఇట్లా పెరిగినయి అని ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

అది 2016. మేము తొమ్మిదో తరగతి. కిటికీ పక్కన వరసగా ఉన్న నాలుగు ట్రంకు పెట్టెలు మా నలుగురివి. బస్టాండు వెనక ఒక గేమ్ షాపు ఉండేది. రెండు టీవీలు, రెండు పాత ప్లేస్టేషన్ 2లు, గంటకు 20 రూపాయలు. తలా 5 రూపాయలు వేసుకుని ఆదివారం మధ్యాహ్నం అన్నం తినగానే పరుగెత్తేవాళ్ళం. మంచి టీవీ మీద ‘వైస్ సిటీ’ ఉండేది, అది మాకు ఎప్పుడూ దొరికేది కాదు. టౌన్ పిల్లలు ముందే వచ్చి కూర్చునేవాళ్ళు. గీతలు పడిన రెండో టీవీ మీద ఉన్న ఆట ఇది. డిస్కు కూడా అసలుది కాదు, తెల్ల కవర్లో మార్కర్‌తో పేరు రాసి ఉండేది. ఈ ఆట పెద్దవాళ్ళ కోసం చేసిందని, బ్రిటన్‌లో డబ్బా మీద 18 అని ముద్ర ఉంటుందని మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. షాపాయన డబ్బులు చూశాడు గానీ మా వయసు చూడలేదు.

దొరకని ఆట కోసం ఏడ్చినవాళ్ళం నెమ్మదిగా దొరికిన ఆటకే అలవాటు పడ్డాం. వైస్ సిటీ మయామిని చూసి కల్పించిన ఊరు. ఈ ఆటలో ఉన్నది నిజం లండన్. లండన్‌లోనే సోహో అనే పేటలో ఉన్న టీమ్ సోహో అనే బృందం వీధుల్లో తిరిగి ఫొటోలు తీసుకుని దీన్ని తయారుచేసింది. సోనీ కంపెనీ 2002 డిసెంబరులో విడుదల చేసింది. పికడిలీ సర్కస్, ట్రఫాల్గర్ స్క్వేర్, చైనాటౌన్ అన్నీ వాటి వాటి చోట్లోనే ఉంటాయి. ఎర్రటి డబుల్ డెక్కర్ బస్సులు, నల్ల టాక్సీలు తిరుగుతుంటాయి. అన్నిటికంటే మాకు నచ్చింది ఏమిటంటే, అక్కడ కూడా మనలాగే బండ్లు ఎడమ వైపు నడుస్తాయి. వైస్ సిటీలో కుడి వైపు నడపాలి. సైకిల్ కూడా సొంతంగా లేని మాకు ఈ తేడా గొప్ప విషయంగా అనిపించేది, ఎందుకో మరి.

కథ ఇట్లా ఉంటుంది. మార్క్ హామండ్ అనేవాడు పాత నేరస్థుడు, జైలుకు పోయివచ్చి భార్యాకొడుకులతో బతుకుతుంటాడు. అతని భార్యను చంపి కొడుకును ఎత్తుకుపోతారు. చార్లీ జోల్సన్ అనే ముసలి ముఠా నాయకుడు, నీ కొడుకు కావాలంటే నేను చెప్పిన పనులన్నీ చెయ్యి అంటాడు. ఆట సగం అయ్యాక ఫ్రాంక్ కార్టర్ అనే పోలీసాయన వైపు నుంచి అదే కథ మళ్ళీ నడుస్తుంది. తుపాకీ కాల్చడం మాత్రం మహా కష్టం, గోడ వైపు తిరగమంటే రోడ్డు వైపు తిరిగేవాడు మా హామండ్. దెబ్బ తగిలితే చొక్కా మీద నెత్తురు కనబడుతుంది, కుంటుతాడు. అప్పుడు అతణ్ణి ఏదైనా గోడ దగ్గరికి తీసుకుపోయి ఆనించి నిలబెట్టాలి. కాసేపటికి ఊపిరి తీసుకుని తేరుకుంటాడు.

తెర మీద అంకెలు ఉండవు, మ్యాపు ఉండదు. కారుకు వెనక ఉండే ఇండికేటర్ లైట్లే దారి. ఎడమది వెలిగితే ఎడమకు తిరగాలి, కుడిది వెలిగితే కుడికి. రెండూ కలిసి కొట్టుకుంటే చేరాల్సిన చోటు వచ్చిందన్నమాట. మేము ముగ్గురం ఎప్పుడూ మలుపు దాటిపోయి పోలీసులకు దొరికేవాళ్ళం. నాలుగోవాడు దొరికేవాడు కాదు. వాణ్ణి అందరం డ్రైవర్ అని పిలిచేవాళ్ళం, ఇక్కడా ఆ పేరే రాస్తున్నాం. వాళ్ళ నాయిన తాపీ పనికి పోయేవాడు. కొన్నాళ్ళకు డ్రైవర్‌కు ఇండికేటర్ కూడా అక్కరలేకపోయింది. హాస్టల్‌కు వచ్చాక లాంగ్ నోట్‌బుక్కు తీసి, ఆ రోజు తిరిగిన వీధులన్నీ స్కేలు పెట్టి గీసేవాడు. నెట్ సెంటర్‌కు పోయి పేర్లు చూసుకుని వచ్చి ఇంగ్లీషులో రాసేవాడు. హేమార్కెట్, షాఫ్ట్స్‌బరీ అవెన్యూ, స్ట్రాండ్. ఇంగ్లీషులో 35 మార్కులకు కిందామీదా పడేవాడు ఈ స్పెల్లింగులు మాత్రం ఒక్కటీ తప్పు రాయలేదు.

డిసెంబరులో ఒక సాయంత్రం షాపాయన ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని హాస్టల్‌కు వచ్చాడు. ఒక జాయ్‌స్టిక్ పోయిందట. ఆ ఆదివారం షాపులో పదిహేను మంది దాకా ఉన్నారు, కానీ మిగతా ఏ ఇంటికీ ఆయన పోలేదు. ‘హాస్టలోళ్ళే తీసుంటరు’ అన్నాడు. వార్డెన్ సార్ జిల్లా మీటింగుకు పోయి ఉన్నారు. కామాటి అన్న అడ్డం పడ్డాడు గానీ ఆయన మాట ఎవరు వింటారు? మా నాలుగు ట్రంకు పెట్టెలు వరండాలోకి లాగి తాళాలు తీయించారు. రెండు జతల బట్టలు, సబ్బు బిళ్ళ, ఇంటి నుంచి తెచ్చుకున్న మామిడికాయ పచ్చడి సీసా, అన్నీ నేల మీద పోశారు. చిన్న తరగతుల పిల్లలందరూ చుట్టూ నిలబడి చూస్తున్నారు. జాయ్‌స్టిక్ దొరకలేదు. డ్రైవర్ పెట్టెలో లాంగ్ నోట్‌బుక్కు దొరికింది. దాని నిండా గీతలు, మలుపుల దగ్గర సున్నాలు, బాణం గుర్తులు.

‘ఇది ఎవరింటి ప్లానురా?’ అని అడిగారు.

వాడు లండన్ అన్నాడు. ఎగతాళి చేస్తున్నావా అని చెంప మీద కొట్టారు. మేము ముగ్గురం అక్కడే ఉన్నాం. అన్నా, అది నిజంగా లండనే అని ఒక్కళ్ళం నోరు తెరవలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక వాడు వరండా గోడకు ఆనుకుని రాత్రి అన్నం గంట కొట్టేదాకా అట్లాగే నిలబడ్డాడు.

జాయ్‌స్టిక్ తర్వాత దొరికింది. షాపాయన మేనల్లుడే రిపేరుకు ఇచ్చి మరిచిపోయాడట. ఆ మాట చెప్పడానికి ఎవరూ హాస్టల్‌కు రాలేదు. డ్రైవర్ సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి తిరిగి రాలేదు. మేము రెండు సార్లు వాళ్ళ ఊరికి పోయాం. నాయినతో పనికి పోతున్న అన్నాడు. నోట్‌బుక్కు మా దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు మాకు 23 ఏళ్ళు. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. ఇద్దరం ఇక్కడే పి.జి. చదువుతున్నాం. ఒకడు ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మీద లండన్ పోయాడు. యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని ఆ ఆట గురించి ఇప్పుడు చదువుతుంటే అప్పుడు గమనించని సంగతులు కనబడుతున్నాయి. ఒక ఘట్టంలో బ్రిటిష్ టెలికాం వ్యాను, అందులో పనిచేసేవాడి వేషం నేరానికి వాడుకుంటారు. ఆ సంస్థ అభ్యంతరం చెప్పేసరికి తర్వాతి ప్రతుల్లో మార్పు చేశారు. మరి అదే ఆటలో చైనాటౌన్ అంటే ట్రయాడ్ ముఠా, జమైకా నుంచి వచ్చినవాళ్ళంటే యార్డీ ముఠా. వీధి నిజం, దాని పేరు నిజం, అక్కడ బతికే మనుషులను మాత్రం తుపాకీ పట్టుకున్నవాళ్ళుగా తప్ప చూపలేదు. వాళ్ళ తరఫున ఉత్తరం రాయడానికి టెలికాం కంపెనీ ఏమీ లేదు కదా. ఇంగ్లీషు దొంగలు కూడా ఉన్నారు నిజమే, కానీ హామండ్‌కు ఒక భార్య, ఒక కొడుకు, ఒక బాధ ఇచ్చారు. కార్ల విషయంలో అసలు కంపెనీల కార్లనే పెట్టాలని అంత పట్టుదలగా ఉన్నవాళ్ళు మనుషుల దగ్గర ఎందుకు తొందరపడ్డారో మాకు అర్థం కాదు.

రెండో భాగం ‘బ్లాక్ మండే’ 2004లో వచ్చింది. అందులో ఒక పోలీసు, ఒక బాక్సరు, ఒక అమ్మాయి ఉంటారు. మా షాపులో అది లేదు. మూడోది తయారవుతుండగానే 2008లో ఆపేశారు. ఈ మధ్యలో చిన్న మెషీన్ మీద వచ్చిన ‘గ్యాంగ్స్ ఆఫ్ లండన్’ పేరుతో 2020లో టీవీ సీరియల్ కూడా వచ్చింది. ఆ స్టూడియోనే 2024లో మూసేశారు.

లండన్‌లో ఉన్నవాడు మొదటి ఆదివారం బాబాసాహెబ్ ఉన్న ఇల్లు, 10 కింగ్ హెన్రీస్ రోడ్, చూసి వచ్చాడు. రెండో ఆదివారం చైనాటౌన్ పోయాడు. ఇప్పుడు అక్కడే ఒక హోటల్లో పార్ట్‌టైమ్ గిన్నెలు కడుగుతున్నాడు. ‘మనం తుపాకులతో దూరిన వీధిల ముసలమ్మలు ఆకుకూరలు బేరం చేస్తున్నరురా’ అని మెసేజ్ పెట్టాడు. అక్కడ నల్ల టాక్సీ నడపాలంటే ‘ది నాలెడ్జ్’ అనే పరీక్ష పాసవ్వాలని, ఛారింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ళలో ఉన్న దాదాపు 25,000 వీధులు కంఠతా రావాలని, 1865 నుంచి ఇదే పద్ధతని కూడా వాడే చెప్పాడు. ఆ మాట వినగానే మా అందరికీ ఒకడే గుర్తొచ్చాడు.

డ్రైవర్ ఇప్పుడు హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతున్నాడు. పోయిన నెల అందరం వీడియో కాల్‌లో కలిశాం. లండన్ వాడు పికడిలీ సర్కస్ దగ్గర నిలబడి ఫోన్ చుట్టూ తిప్పి చూపించాడు. డ్రైవర్ ఎయిర్‌పోర్టు పార్కింగులో సీటు వెనక్కి వాల్చి పడుకుని చూస్తున్నాడు. ట్రఫాల్గర్ స్క్వేర్‌కు పోవాలి, ఒక్క నిమిషం ఆగండి, మ్యాపు పెట్టుకుంటా అన్నాడు లండన్ వాడు.

‘మ్యాపెందుకురా’ అన్నాడు డ్రైవర్. ‘కొంచెం ముందుకు పో. కుడి చేతికి హేమార్కెట్ వస్తది, దిగు. కిందికి పోయినంక ఎడమకు తిరుగు. ఇగ తిన్నగనే.’

వాడు నడిచాడు. ఫోన్ పట్టుకుని మేము కూడా వాడితో నడిచాం. నోట్‌బుక్కు మా ముందు తెరిచే ఉంది, పచ్చడి నూనె మరక పడిన పేజీ. హేమార్కెట్ దిగి ఎడమకు తిరగగానే దూరంగా నెల్సన్ స్తంభం కనబడింది.

‘వచ్చిందిరా!’ అని వాడు అక్కడ అరుస్తుంటే, ‘బుకింగ్ పడ్డది, పెట్టేస్తున్న’ అని డ్రైవర్ లేచి సీటు సరిచేసుకున్నాడు.