ఫ్యాన్ కోసం పోతే పుస్తకాలు దొరికినయ్

ఈసారి వడ్ల గురించి కాదు, పుస్తకాల గురించి రాస్తున్న. నవ్వకుండ్రి, జర ఓపికతో చదవండి.

పోయిన యాసంగిల వడ్లు కొనుగోలు సెంటర్ల పోసి 9 రోజులు కూసున్న. తేమ 17 శాతానికి దిగినా కాంటా కాలే. మధ్యాహ్నం ఎండకు ఆగలేక పక్కనున్న శాఖా గ్రంథాలయంలకు పోయిన. ఫ్యాన్ కోసమే పోయిన, అబద్ధమెందుకు. ఇంటర్ అయినంక పేపర్ తప్ప ఏదీ చదివినోన్ని కాదు. లోపల పోటీ పరీక్షల పిల్లలు నలుగురున్నరు. నవలల బీరువాకు తాళం. చెవి దొరికేసరికి అరగంట పట్టింది.

చేతికి ముందు వచ్చింది డాక్టర్ కేశవరెడ్డి రాసిన 'మూగవాని పిల్లనగ్రోవి'. ఆయన పుట్టింది చిత్తూరు జిల్లాల, పనిచేసింది మన డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిల. ఇంత దగ్గర ఉండి రాసినాయన పేరు నాకు తెల్వదు, చూడుండ్రి. భూమి పోగొట్టుకున్న రైతు కథ అది. సగం కూడా కాకముందే మూసేసిన.

ఎందుకంటే మూడేండ్ల కింద బిడ్డ పెండ్లికి చెరువు కింది ఎకరంన్నర అమ్మిన. అప్పటిసంది ఆ తొవ్వల పోను, గుట్ట పక్కనుంచి తిరిగి పోత. ఎవరన్న అడిగితే బండికి ఆ తొవ్వ మంచిగ లేదంట. మూడు దినాలు పుస్తకం ముట్టలే. మళ్ల తీసి, అయ్యేదాంక చదివిన. ఆ రాత్రి మా ఇంటామెకు చెప్పిన, పొలం యాదికొస్తే అటు పోబుద్ధి కాదని. ఆమె పండుకునే అన్నది, "నేను గూడ అటు పోతలేను గద, నువ్వు చూడలేదా?" అని. మూడేండ్లు ఒకే ఇంట్ల ఉండి ఇద్దరం చెప్పుకోలే.

తర్వాత ఇంకా వెతికిన. ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర' ఉంది. 1830ల మద్రాసు నుంచి బయలుదేరి హైదరాబాదు, నిర్మల్ మీదుగా కాశీకి పోయినాయన రోజూ రాసుకున్నది. ఏ ఊర్ల ఏం దొరుకుతది, తొవ్వ ఎట్లుంది, అన్నీ ఉంటయ్. పాత భాష, మొదటి పది పేజీలు కష్టమే. మొత్తం చదవాలని లేదు, మన దిక్కు పేజీలు చదవండి చాలు.

'వనవాసి' మాత్రం వదలకుండ్రి. బెంగాలీల బిభూతిభూషణ్ రాసిండు, తెలుగుల సూరంపూడి సీతారాం. అడవిని కౌలుకిచ్చే మేనేజరే, ఆ అడవి పోతుంటే బాధపడతడు. మా నాయనతోని కలిసి గుట్ట కింద మోదుగులు కొట్టి చెల్క చేసిన సంగతి నేను గొప్పగ చెప్పుకునేటోన్ని. తప్పు చేసినమని ఇప్పుడు గూడ అనను, తినాలె గద. కాకపోతే ఆ మోదుగులు పూసినప్పుడు ఎట్లుండెనో మొన్న చానా సేపు యాది చేసుకున్న.

ఇంకొక మాట. మనం కట్టే ఇంటి పన్నుల రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. పైసలు కట్టి బీరువాలకు తాళాలేసి పెట్టుకున్నం. పోయి చెవి అడగండి.

'వనవాసి' మా కొడుకు హైదరాబాద్ నుంచి కొనుక్కొచ్చిండు. బోరు కాడ మంచం మీద పెట్టిన, ఎవరో తీస్కపోయిండ్రు. ఎవరైతే ఏంది, నిమ్మళంగ చదువుండ్రి. అయినంక ఆడనే పెట్టండి.