మొర కూడా విశ్వాసమే

దుఃఖించడం అవిశ్వాసమని మనలో పలువురు భావిస్తారు. బైబిలులోని 150 కీర్తనలు చదివితే ఆ అభిప్రాయం నిలవదు. 13వ కీర్తనలో దావీదు ‘ఎంతకాలం?’ అని దేవుణ్ణి నాలుగుమార్లు ప్రశ్నిస్తాడు. ఆరు వచనాలలోనే ఆ మొర స్తుతిగా మారుతుంది. 88వ కీర్తన మాత్రం చీకటిలోనే ముగుస్తుంది. మా కుమార్తె మరణించిన ఏడాది మా దంపతులకు తోడు నిలిచినది ఆ చీకటి కీర్తనే. అదీ దేవునితో చెప్పుకున్న మాటేనని గ్రహించి, ప్రార్థనకు మాటలు రాని రాత్రులలో దానినే చదువుకున్నాము.

వెల్డింగు చేసిన మందపాటి ఉక్కును మళ్లీ వేడిచేసి, మెల్లగా చల్లార్చి లోపలి ఒత్తిడిని తగ్గించడం ఇంజనీర్లమైన మేము ఎరిగినదే. గాయపడిన విశ్వాసం కోలుకోవడానికీ అటువంటి నిదానం అవసరమైనది. తోటి ఉద్యోగి ఇంట విషాదం సంభవించినపుడు, తొందరపడి ‘దేవుని చిత్తం’ అనక, వారి మొర వింటూ పక్కన కూర్చుందాము.