మే ఎండ దెబ్బ.. డిసెంబర్‌లో మొరాయింపు!

గుత్తి కోట దాటి 44వ నంబర్ జాతీయ రహదారి మీద దక్షిణంగా సాగితే పామిడి దగ్గర పెన్న ఇసుక కనిపిస్తుంది. ఆ తర్వాత అంతా ఎర్రనేల, వేరుశనగ పీకేసిన చేలు, బండరాళ్ల గుట్టలు. అనంతపురం, పెనుకొండ మీదుగా లేపాక్షి వెళ్లే ఈ దారి అందం చూడాలంటే డిసెంబర్ తెల్లవారుజామున బయల్దేరాలి. చిక్కేమిటంటే, సరిగ్గా అప్పుడే కొన్ని కార్లు సెల్ఫ్ తీసుకోవు. ‘టక్ టక్’ మని ఆగిపోతాయి.

‘చలికి బ్యాటరీ పోయింది’ అనేస్తాం. కానీ ఇక్కడ చలి ఎంతని? బాగా చలి పెట్టిన రోజున కూడా 15 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. అసలు దెబ్బ కొట్టింది ఎండ! ఈ కరువు సీమలో వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. బానెట్ కింద వేడి ఇంకా ఎక్కువ. ఆ వేడికి బ్యాటరీలో నీళ్లు ఆవిరవుతాయి, లోపలి సీసం ప్లేట్లు తినేసుకుపోతాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఒక లెక్క. ఎండాకాలంలో ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి ఆ బలహీనత బయటపడదు. చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడి, బ్యాటరీలో రసాయన చర్య మందగించాక గుట్టు రట్టవుతుంది.

అందుకే అక్టోబర్‌లోనే ఒకసారి చెక్ చేయించండి. రాత్రంతా ఆగి ఉన్న కారులో మల్టీమీటర్ 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్ ఛార్జ్. 12.2 అంటే సగమే. వోల్టేజ్ బాగున్నా బ్యాటరీ షాపులో లోడ్ టెస్ట్ చేయించడం మంచిది.

టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే ముందు నెగటివ్ వైరు తీసి, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో శుభ్రం చేసి, ఆరాక పెట్రోలియం జెల్లీ రాయాలి. బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న. మూతలు తీసే రకమైతే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. మన బోరు నీళ్లలో ఉప్పులెక్కువ, పొరపాటున కూడా పోయొద్దు! లేపాక్షి నంది దగ్గర ఇంజిన్ ఆపేసి, డోర్లు తెరిచి పాటలు పెట్టుకునేవాళ్లు కూడా కాస్త చూసుకోవాలి.

కొత్తది కొంటుంటే కారు మాన్యువల్‌లో చెప్పిన ఆంపియర్ అవరే తీసుకోండి. తయారీ తేదీ చూడండి. వేడి షాపులో నెలల తరబడి పడున్నది వద్దు. సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి స్టార్టయ్యే కారుకి మామూలు బ్యాటరీ సరిపోదు, ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం కావాలి.

లేబుల్ మీద ‘సీసీఏ’ అని ఒక అంకె ఉంటుంది. మైనస్ 18 డిగ్రీల చలిలో ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే లెక్క అది. అనంతపురంలో దాని కోసం అదనంగా ఖర్చు పెట్టక్కర్లేదు. అయితే ఇదే 44వ నంబర్ రోడ్డు ఉత్తరాన శ్రీనగర్ దాకా పోతుంది. జనవరిలో అటు ట్రిప్ వేస్తే మాత్రం ఆ అంకె చూడాల్సిందే. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ బలం దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. ఛార్జ్ దిగిపోయిందంటే అందులోని ద్రవం గడ్డకట్టి డొక్కే పగలొచ్చు.

అంతదూరం వెళ్లినా, లేపాక్షి దాకే వెళ్లినా.. రెండు మూడు అనంతపురం వేసవులు చూసిన బ్యాటరీని టెస్ట్ చేయించకుండా చీకట్లో బయల్దేరకండి.