చాట్రాయి తోటలో చత్వారపు అద్దం

నూజివీడు దాటి విస్సన్నపేట వైపు బస్సు మళ్ళిందంటే, కిటికీలోంచి ఎటు చూసినా మామిడి తోటలే. ఎర్రనేల, వరసలు తీరిన చెట్లు, చెట్ల కింద దున్నిన చాళ్ళు. విస్సన్నపేటలో దిగి ఇంకో బండి ఎక్కితే చాట్రాయి. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉన్న యీ ఊరు, జిల్లాల పంపకాల్లో ఏలూరు వాటాకి వచ్చింది. జిల్లా మారితే మామిడిపండు రుచి మారదు కదా! బయటివాళ్ళకి ఇప్పటికీ ఇది నూజివీడు మామిడి సీమే. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం, బంగినపల్లి, కలెక్టరు - ఈ ఐదు పేర్లూ తడుముకోకుండా చెప్పకపోతే ఇక్కడ పిల్లలకి పలకా బలపం ఇవ్వరేమో అనిపిస్తుంది.

మా మేనమామగారి తోట ఆ ఊరికి కాస్త ఎడంగా ఉంది. ఎనిమిదెకరాలు. చుట్టుపక్కల వాళ్ళు కొందరు మామిడి కొట్టించి ఆయిల్ పామ్ పెట్టారు. మామయ్య మాత్రం వాళ్ళ నాన్న నాటిన చెట్లని వదలలేదు. డెబ్భై దాటిన మనిషి. ఒక కంటికి శుక్లం తీయించుకున్నాడు, రెండో కంటికి ఇంకా తీయించుకోవాలి.

సంక్రాంతి వెళ్ళిన వారానికి నేనూ, ఇంటర్మీడియేటు చదువుతున్న మా అమ్మాయీ ఆ తోటకి వెళ్ళాం. చెట్లన్నీ పూతకి సిద్ధంగా ఉన్నాయి. ఓ మూల చెట్టు కింద నిలబడితే ఆకులు జిగటగా చేతికంటుకున్నాయి.

"తేనెమంచు పట్టిందిరా" అన్నాడు మామయ్య.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఆ మాట వినగానే ప్రాణం లేచివచ్చింది. తేనె లాంటి మంచు! తెల్లవారుజామున చెట్లమీద కురిసే తీపి మంచు! ఎంత చక్కని సమాసం అని అమ్మాయికి వివరించడం మొదలుపెట్టాను. మామయ్య కాసేపు విని, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఒరే అబ్బాయ్! అది మంచూ కాదు, తేనే కాదు. పురుగు విసర్జించిన జిగురు. పురుగు పేరే తేనెమంచు పురుగు. పూత రసం తాగేసి, ఆ జిగురు కిందికి వదులుతుంది. దానిమీద మసి పట్టి ఆకులు నల్లబడతాయి. నీ సమాసం నా పంట తినేస్తుందిరా!"

సిగ్గేసింది. పురుగుని చూపించమన్నాను. కొమ్మ కదిపితే చిటపటమంటూ ఏవో ఎగిరాయి గాని, గింజంతైనా లేని ఆ జీవం నా కళ్ళకి ఆనలేదు. మామయ్యకి అసలు కనబడదు. మెడలో కెమేరా ఉంది కదా అని గురిపెట్టాను. అది యాభై మిల్లీమీటర్ల మామూలు లెన్సు. ఇంచుమించు అర మీటరు కన్నా దగ్గరికి వెళితే దానికి బొమ్మ కుదరదు, అంతా మసక. అర మీటరు దూరంలో నిలబడి తీస్తే పురుగు కాస్తా చుక్క. ఆ రాత్రి వాకిట్లో మంచం మీద పడుకుని ఒకటే అనుకున్నాను. చూతపుష్పం మన్మథుడి ఐదు బాణాల్లో ఒకటని ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి చెబుతున్నాను. ఆ పువ్వుకి రేకులెన్నో అడిగితే చెప్పలేను!

ఇంటికి వచ్చాక దగ్గర వస్తువుల్ని తీసే ప్రత్యేకమైన లెన్సుల ధరలు వాకబు చేశాను. గుండె ఆగినంత పనయింది. అప్పుడు ఫోటోలు తీయడం అలవాటున్న మిత్రుడొకరు, "మాస్టారూ, మీకు చత్వారం వచ్చిందా?" అని అడిగారు. వచ్చిందన్నాను. "కళ్ళు మార్పించుకున్నారా, కళ్ళద్దాలు కొనుక్కున్నారా?" అన్నారు. కళ్ళద్దాలే కొన్నానన్నాను. "కెమేరాకీ అంతే చెయ్యండి" అన్నారు.

ఆ కళ్ళద్దాల పేరే క్లోజప్ లెన్సు. కెమేరా లెన్సు మూతికి లోపల సన్నని మర ఉంటుంది. దాంట్లో తిప్పి బిగించుకునే గుండ్రటి అద్దం ఇది. నాలుగు అద్దాలు ఒక సంచీలో పెట్టి అమ్ముతారు. హోటల్లో నలుగురు భోంచేస్తే అయ్యే ఖర్చుకి అటూ ఇటూగా దొరుకుతుంది. కొనేముందు చూసుకోవలసింది మర కొలత. లెన్సు అంచుమీద సున్నా చుట్టి అడ్డగీత కొట్టినట్లుండే గుర్తు పక్కన 49, 52, 55, 58 ఇలా ఏదో అంకె ఉంటుంది. నాది 52. కొలత కలవకపోతే రెండింటినీ కలిపే రింగు చవగ్గానే దొరుకుతుంది.

అద్దాల మీద +1, +2, +4, +10 అని ఉంటాయి. కళ్ళ డాక్టరు చీటీలో రాసే డయాప్టర్లే ఇవీ. లెక్క సులువు. లెన్సుని బహుదూరానికి సరిపెట్టి ఉంచి, వెయ్యిని ఆ అంకెతో భాగిస్తే ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో వస్తువు స్పష్టంగా పడుతుందో తెలుస్తుంది. +2కి అర మీటరు, +4కి పావు మీటరు, +10కి పది సెంటీమీటర్లు. రెండు అద్దాలు కలిపి బిగిస్తే అంకెలు కలుస్తాయి. ఎక్కువ అంకెది కెమేరా వైపు ఉండాలి. మరొక కిటుకు చెప్పారు మిత్రులు. అదే +4 అద్దాన్ని 200 మిల్లీమీటర్ల పొడుగు లెన్సుకి పెడితే, దూరం పావు మీటరే ఉంటుంది గాని, బొమ్మ నా యాభై లెన్సులో కన్నా నాలుగింతలవుతుంది. పురుగు బెదరకుండా దూరంగా ఉండి తీయవచ్చునన్నమాట.

ఇది కొత్త విద్యేమీ కాదు. దూరం సరిచేసుకునే వీలులేని పాత పెట్టె కెమేరాలకి కూడా కొడక్ కంపెనీ ముందు తగిలించుకునే ఇలాటి అద్దాన్ని అమ్మింది. మనిషి ముఖం దగ్గరగా తీసుకోవడం కోసం దానికి 'పోర్ట్రెయిట్ అటాచ్‌మెంట్' అని పేరు పెట్టారు.

చవక సరుకుకి ఉండే లోపాలు దీనికీ ఉన్నాయి. ఒంటి అద్దం కనక బొమ్మ అంచులు మెత్తబడతాయి, తెల్లటి వస్తువుల చుట్టూ ఊదారంగు గీత పడుతుంది. రెండు అద్దాలు అతికించి చేసినవి ఈ దోషం పోగొడతాయి. కెనాన్ వారి 500డి అలాటిది. ఖరీదు ఎక్కువ. నాబోటివాళ్ళకి మందు ఒకటే, ఎపర్చరు తగ్గించి ఎఫ్ 8, ఎఫ్ 11 దగ్గర ఉంచుకోవడం, ముఖ్యమైన వస్తువుని బొమ్మకి నడిమధ్యన పెట్టుకోవడం. దూరాన్ని దగ్గర చేస్తామని అమ్మే మరబిగింపు బిళ్ళ కూడా ఒకటి లోగడ కొన్నాను. దాంతో తీసిన గాలిగోపురం నీళ్ళలో నానినట్టు వచ్చింది. ఆ బిళ్ళ ఇప్పుడు నా బల్లమీద కాగితాలు ఎగరకుండా కాస్తోంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మళ్ళీ చాట్రాయి వెళ్ళాం. తోట నిండా పూత. ఆ వాసన చెబితే తెలిసేది కాదు. మామయ్య మాత్రం దిగులుగా ఉన్నాడు. కిందటేడు పూత సగం మాడిపోయింది. ఈసారి అశ్రద్ధ చేస్తే తోట పోయినట్టేనని ఎవరో చెప్పారట. మర్నాటికి మందు, డ్రమ్ములు, కూలీలు, అన్నీ మాట్లాడేశాడు. "కళ్ళు సరిగ్గా ఉంటే నేనే చూసుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పినవాళ్ళ మాట మీద నడుస్తున్నాను" అన్నాడు. ఆ మాటకి నాకు కడుపులో కలుక్కుమంది.

తెల్లవారి గాలి లేవకముందే పని మొదలుపెట్టాం. అద్దం పెట్టుకున్నాక ఊపిరి పీల్చినా బొమ్మ చెదురుతుంది. +10తో స్పష్టంగా పడే లోతు బియ్యపుగింజంత కూడా ఉండదు. అందుకని లెన్సుని తిప్పడం మానేసి, మనిషే ముందుకీ వెనక్కీ ఊగుతూ బొమ్మ కుదిరిన క్షణాన మీట నొక్కాలి. అమ్మాయి ఒక చేత్తో పూగుత్తి కాడ పట్టుకుంది, రెండో చేత్తో గాలికి అడ్డంగా గొడుగు పట్టుకుంది. పది తీస్తే రెండు కుదిరాయి.

ఆ రెండూ చాలు. వేలిగోరు కన్నా చిన్న పువ్వు. ఐదు రేకులు. రేకు మీద పసుపుపచ్చని గీతలు, వాడేకొద్దీ అవి గులాబిరంగుకి తిరుగుతాయి. పుప్పొడి తిత్తి సాధారణంగా ఒక్కటే, సన్నని కాడ చివర. కొన్ని పువ్వుల్లో దాని పక్కనే గుండుసూది తలంత పసుపుపచ్చని గుండ్రటి బుడిపె. అదే కాయగా మారవలసింది. ఆ బుడిపె లేనివి మగపువ్వులు, రాలిపోయేవి. ఒక్కొక్క గుత్తికి వందలూ వేలూ పువ్వులుంటే, చివరిదాకా నిలిచే కాయలు నూటికి ఒకటి కూడా ఉండవు.

ఎండ ఎక్కాక చాళ్ళు మార్చి మార్చి పాతిక చెట్ల పూగుత్తులు తీశాం. తీసినవి కెమేరా వెనక తెరమీద పెద్దవి చేసి మామయ్యకి చూపించాను. శుక్లం తీసిన కన్ను దగ్గరపెట్టి ఒక్కొక్కటే చూశాడు. మూలనున్న చెట్ల గుత్తుల్లో తల వెడల్పు, తోక సన్నంగా ఉన్న పురుగులు కాడల మీద బారులు తీరి ఉన్నాయి. మిగిలిన తోటలో అక్కడొకటి ఇక్కడొకటి. కాని దాదాపు ప్రతి బొమ్మలోనూ ఈగలు! కాళ్ళనిండా పుప్పొడి.

"ఇన్ని ఈగలేమిట్రా?" అన్నాడు.

మామిడిపూతకి ముఖ్యంగా ఈగలే పెళ్ళిపెద్దలని చదివాను. నిండుపూత మీద మందు కొడితే పురుగుతోపాటు అవీ పోతాయి. ఆ సంగతి చెప్పాను గాని, చెబుతుంటే నోరు తడబడింది. మన మాట మీద మందు ఆపితే, రేపు పంట పోతే? నా జీతానికి ఏ పురుగూ పట్టదు. ఆయనకి ఏడాది బతుకంతా ఆ పూతలోనే ఉంది. "నా మాట నమ్మవద్దు. తెలిసినవాణ్ణి పిలుద్దాం" అన్నాను.

ఊళ్ళో వ్యవసాయ సహాయకుడికి కబురు పెట్టాం. కుర్రవాడే. బొమ్మలన్నీ చూశాడు, తన భూతద్దంతో చెట్లూ చూశాడు. మందు కొట్టవలసింది పూమొగ్గ బయటపడేటప్పుడు, ఆ తరవాత పిందె బఠాణీగింజంత అయ్యాక అన్నాడు. ఇప్పుడు నిండుపూత కనక ఆగమన్నాడు. మూల చెట్ల మీద కన్నేసి ఉంచమన్నాడు. మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరవాత లేచి వెళ్ళి కూలీలకి ఫోను చేసి వద్దన్నాడు.

ఆ నెలంతా నాకు నిద్ర సరిగా పట్టలేదు. మార్చిలో ఫోను వచ్చింది. పిందె కట్టిందట. మూల చెట్లకి మాత్రం చెప్పిన అదనులో మందు కొట్టించాడు. కాపు గొప్పదేమీ కాదు, కిందటేటి కన్నా మేలు. అది ఈగల చలవో, వాతావరణం చలవో తేల్చడం నావల్ల కాదు. మేలో ఒక బుట్ట చిన్నరసాలు మాత్రం మా ఇంటికి వచ్చాయి. రెండో కంటికి ఆపరేషను రోజు కూడా ఖాయం చేసుకున్నానని బుట్ట తెచ్చిన మనిషితో చెప్పి పంపాడు.

కాలేజీలో మళ్ళీ వసంతవర్ణన వచ్చినప్పుడు, ఆ ఫోటో ఒకటి పెద్దది చేయించి గోడకి తగిలించాను. ఐదు బాణాల పేర్లూ చెప్పి, ఇదుగో చూతపుష్పం అన్నాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, మన్మథుడి బాణం మీద ఈగ వాలిందండీ!" అంది. క్లాసంతా ఘొల్లుమంది.

"వాలనీ అమ్మా, దాన్ని తోలకు" అన్నాను.